తంటెం, వయ్యారిభామ, ఒక ల్యాప్‌టాప్: మొక్కల పోటీకి ఏ మోడల్ పట్టుకోవాలి?

మృగశిరలో రెండు గట్టి వానలు పడితే చాలు, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో సిరోంచ నుంచి ఆలాపల్లి వెళ్లే రోడ్డు పక్కన ముందుగా కళ్లబడేవి రెండు మొక్కలు. ఒకటి తంటెం, తగిరిస అని కూడా అంటారు, మరాఠీ కలిసిపోయిన మా మాటలో తరోటా. లేతగా ఉన్నప్పుడు ఆకు కోసుకొచ్చి కూర వండుకుంటాం. రెండోది వయ్యారిభామ, ఇక్కడ అందరికీ గాజర్ గవత్ అంటేనే తెలుస్తుంది, ముట్టుకుంటే కొందరికి చేతులంతా దద్దుర్లు లేస్తాయి. మా ఊళ్లో పత్తి వేసే ఒక కాక ఎప్పుడూ అంటుంటాడు, "తరోటా లేసిన కాడ గాజర్ గవత్ నిలవదు బిడ్డా" అని. ఆ మాటలో నిజం లేకపోలేదు. కర్ణాటక వైపు తంటేనికి దగ్గరి చుట్టమైన ఇంకో మొక్కను కావాలనే చల్లి వయ్యారిభామను అణచడం ఎప్పుడో చేసి చూశారు. కానీ ఎంతవరకు నిజం, ఎన్నేళ్లలో, ఎక్కడ నిజం కాదు? దీన్ని కంప్యూటర్‌లో చూద్దామనుకునే పిల్లలు మా వైపు ఈ మధ్య పెరిగారు, అది నాకు చాలా సంతోషం.

మొన్న రాజురా నుంచి ఎమ్మెస్సీ చదివే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, నెట్‌లోగోల చెయ్యాల్నా, ఆర్‌ల చెయ్యాల్నా, ఏది మంచిగుంటది?" అన్నాడు. చిక్కంతా ఆ ప్రశ్నలోనే ఉంది. నెట్‌లోగో, ఆర్ రెండూ కంప్యూటర్‌లో లెక్క నడిపే పనిముట్లు. వాటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఏ మోడల్, అంటే మొక్కల పోటీని ఏ తీరు లెక్కగా రాయాలి అన్నది. అది తేలితే పనిముట్టు దానంతటదే తేలుతుంది. ఆ రోజు ఫోన్‌లో గంటసేపు చెప్పిందే ఇక్కడ కాస్త సర్ది రాస్తున్నాను.

## ముందు మిమ్మల్ని మీరు అడగాల్సినవి

మొదటిది, మీకు కావాల్సిన జవాబు ఏమిటి? "చివరికి ఎవరు నిలుస్తారు" అన్నది ఒక ప్రశ్న. "ఎంత వేగంగా, ఏ దారిన పాకుతుంది" అన్నది ఇంకో ప్రశ్న. "అసలు ఎందుకు గెలుస్తోంది, నీళ్ల కోసమా, నత్రజని కోసమా, వెలుతురు కోసమా" అన్నది మూడోది. "రైతుకి దిగుబడి ఎంత తగ్గుతుంది" అన్నది నాలుగోది. ఈ నాలుగింటికీ ఒకే మోడల్ సరిపోదు, సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

రెండోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది: ఒక్క వానాకాలంలో మీ చేతులతో మీరు ఏం కొలవగలరు? ప్రతి మోడల్ కొన్ని అంకెలు అడుగుతుంది. ఆ అంకెలు మీ దగ్గర లేకపోతే ఎక్కడో మెక్సికోలోనో క్వీన్స్‌లాండ్‌లోనో కొలిచినవి తెచ్చి పెడతారు, అప్పుడు స్క్రీన్ మీద కనిపించేది మా రోడ్డు పక్క కథ అవదు. పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మోడల్ ఎంత పెద్దదైతే ప్రాజెక్టు అంత గొప్పగా ఉంటుందనుకుని మొదలుపెడతారు, నాలుగో నెలకి చూస్తే ముప్ఫై అంకెల్లో ఇరవై ఐదు ఊహించి రాసినవే ఉంటాయి.

మూడోది, మొక్క బతుకు తీరు. ఏడాదికొకసారి మొలిచి, కాసి, చచ్చేదా? ఏళ్ల తరబడి ఉండే చెట్టా? గింజ మట్టిలో నిద్రపోయి రెండు మూడేళ్ల తర్వాత కూడా మొలుస్తుందా? వయ్యారిభామ ఈ విషయంలో కొంచెం మొండి ఘటం, తేమ దొరికితే ఏ నెలలోనైనా మొలుస్తుంది, మొలిచిన నెలా నెలన్నరకే పూతకొస్తుంది. తంటెం అలా కాదు, వానతో వచ్చి వాన వెనకే పోతుంది.

నాలుగోది, స్థలం. మీ ప్రశ్నలో "ఎక్కడ" అనే మాట ఉంటే నేలని గళ్లుగా కోసి చూసే గళ్ల మోడల్ వైపు వెళ్లాలి, లేకపోతే అనవసరం. ల్యాప్‌టాప్ గురించి మాత్రం అస్సలు టెన్షన్ పడకండి. కింద చెప్పేవాటిలో చాలావరకు నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్ మీద నడుస్తాయి, ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ అక్కర్లేదు. వానాకాలంలో మా వైపు కరెంటు, సిగ్నల్ ఎలా ఉంటాయో తెలిసినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

## లోట్కా–వోల్టెరా: నేర్చుకోవడానికి మంచిది, కొలవడానికి కాదు

1925లో ఆల్ఫ్రెడ్ లోట్కా, 1926లో వీటో వోల్టెరా ఎవరికి వారే రాసిన సమీకరణాలివి. ఒక్కో జాతికి పెరిగే వేగం ఒకటి, నేల మోయగలిగిన గరిష్ఠ సంఖ్య ఒకటి, పక్క జాతి ఎంత నొక్కుతుందో చెప్పే ఆల్ఫా ఒకటి. అంతే. 1934లో రష్యాలో గాజే సీసాల్లో పెరామీసియం అనే ఏకకణ జీవుల్ని పెంచి, ఒకే తిండి మీద ఒకే తీరుగా బతికే రెండు జాతులు కలిసి నిలవలేవని చూపించింది ఈ లెక్కని ఆధారం చేసుకునే.

దీన్ని ఎక్సెల్‌లో గంటలో కట్టొచ్చు. నాలుగే ముగింపులు వస్తాయి: మొదటిది గెలుస్తుంది, రెండోది గెలుస్తుంది, రెండూ నిలుస్తాయి, లేదా ఎవరు ముందు ఎక్కువగా ఉంటే వాళ్లది పైచేయి. రెండూ నిలవాలంటే ఒక్కటే షరతు, ప్రతి జాతీ పరాయివాళ్లని నొక్కేదానికంటే తనవాళ్లనే ఎక్కువ నొక్కుకోవాలి. ఈ ఒక్క వాక్యం ఒంటబట్టడానికైనా లోట్కా–వోల్టెరా ఒకసారి చేతితో చేయాలి.

కానీ ఏడాదికొకసారి మొలిచే మొక్కకి ఇది సరిగా అతకదు. ఇందులో కాలం ఆగకుండా పారుతుంది, గింజ లేదు, మొలక లేదు, నిద్ర లేదు. పొలంలోకి వెళ్లి "పెరిగే వేగం" కొలవమంటే ఏం కొలుస్తారు? పచ్చిక బయళ్లలో గడ్డి బరువు నెలనెలా కోసి తూచేవాళ్లకి కొంత పనికొస్తుంది. మిగతావాళ్లు రెండు రోజులు దీనితో గడిపి ముందుకెళ్లండి.

## ఏకవార్షిక మొక్కల మోడల్: నేనైతే ఇక్కడే మొదలుపెడతాను

ఏకవార్షికం అంటే ఏడాదిలోనే మొలిచి, కాసి, చచ్చే మొక్క. ఈ మోడల్‌లో కాలం ఏడాదికొక అడుగు వేస్తుంది. మాటల్లో రాస్తే ఇలా ఉంటుంది:

వచ్చే ఏటి మొక్కలు = ఈ ఏటి మొక్కలు × లామ్డా ÷ (1 + సొంత ఆల్ఫా × సొంత మొక్కలు + పరాయి ఆల్ఫా × పరాయి మొక్కలు)

లామ్డా అంటే చుట్టూ పోటీ లేనప్పుడు ఒక్క మొక్క తన తర్వాతి ఏటికి ఎన్ని మొక్కల్ని ఇవ్వగలదో ఆ సంఖ్య. వయ్యారిభామ ఒక్కటే వేలకొద్దీ గింజలు రాలుస్తుంది కాబట్టి లామ్డా కూడా వేలల్లో ఉంటుందనుకోకండి. చీమలు తినేవి, కుళ్లేవి, మొలవనివి పోగా మిగిలిందే లామ్డా.

చేతి లెక్క ఒకటి చూపిస్తాను. అంకెలు కేవలం లెక్క కోసం నేను అనుకున్నవి, పొలంలో కొలిచినవి కావు. తంటేనికి లామ్డా 41, సొంత ఆల్ఫా 0.5, వయ్యారిభామ దాన్ని నొక్కే ఆల్ఫా 0.2. వయ్యారిభామకి లామ్డా 61, సొంత ఆల్ఫా 0.5, తంటెం దాన్ని నొక్కే ఆల్ఫా 0.6. తంటెం ఒక్కటే ఉంటే చదరపు మీటరుకి 80 దగ్గర ఆగుతుంది, వయ్యారిభామ ఒక్కటే ఉంటే 120 దగ్గర.

ఇప్పుడు చొరబాటు పరీక్ష పెట్టాలి. 120 వయ్యారిభామలున్న చోట ఒకే ఒక్క తంటెం మొలిచిందనుకోండి: 41ని 25తో భాగిస్తే 1.64. ఒకటి కంటే ఎక్కువ, అంటే పెరుగుతుంది. 80 తంటేల మధ్య ఒక్క వయ్యారిభామ మొలిస్తే: 61ని 49తో భాగిస్తే సుమారు 1.24. ఇదీ పెరుగుతుంది. ఒకదాని ఇంట్లోకి ఇంకొకటి దూరగలుగుతోంది కాబట్టి రెండూ నిలుస్తాయి, తంటెం సుమారు 62, వయ్యారిభామ సుమారు 46 దగ్గర స్థిరపడతాయి. సరే, తంటెం నొక్కుడు 0.6 కాకుండా 0.8 అనుకుందాం. 61ని 65తో భాగిస్తే 0.94. ఒకటి కంటే తక్కువ. వయ్యారిభామ ఏటికేడు తగ్గి పోతుంది, కాక మాట నిజమవుతుంది.

0.6 అయితే కలిసి ఉంటాయి, 0.8 అయితే ఒకటి పోతుంది. గీత 0.75 దగ్గర ఉంది. అంటే మీరు ఆల్ఫాని ఎంత జాగ్రత్తగా కొలిచారన్న దాని మీదే మీ ముగింపు ఆధారపడి ఉంది, పది కుండీలు పెట్టి ఈ తేడా పట్టుకోవడం చాలా కష్టం. అందుకే ఒక్క అంకెతో ఒక్కసారి నడిపి "తంటెం గెలిచింది" అని రాయకండి. ఆల్ఫా ఇంత నుంచి ఇంత మధ్యలో ఉండొచ్చని తీసుకుని వెయ్యిసార్లు నడిపి, అందులో ఎన్నిసార్లు గెలిచిందో చెప్పండి.

ఈ లెక్క వెనక 2000లో పీటర్ చెసన్ రాసిన సిద్ధాంతం ఉంది. రెండు జాతుల బతుకు తీరులో ఎంత తేడా ఉంటే కలిసి నిలవడం అంత సులువు, బలంలో ఎంత తేడా ఉంటే అంత కష్టం. 2009లో లెవీన్, హిల్‌రిస్‌లాంబర్స్ ఇద్దరూ కాలిఫోర్నియా మొక్కల మీద దాదాపు ఇదే మోడల్‌తో, జాతుల మధ్య తేడాలు తీసేస్తే వైవిధ్యం ఎలా పడిపోతుందో చూపించారు.

కొలవడం ఎలా? మధ్యలో ఒక మొక్క, దాని చుట్టూ సొంతజాతివి 0, 4, 8, 16 చొప్పున కొన్ని మడుల్లో, పరాయివి అలాగే కొన్ని మడుల్లో. చివర్లో మధ్య మొక్క ఎన్ని గింజలిచ్చిందో లెక్కపెట్టాలి. ఇక్కడ వయ్యారిభామ మనకొక మేలు చేసింది, దాని ఒక్కో పూతలకి (పూతల అంటే ఒక్క పువ్వులా కనిపించే బుల్లి పూల గుత్తి) మామూలుగా ఐదే గింజలు. పూతలలు లెక్కపెట్టి ఐదుతో గుణిస్తే చాలు. తంటెం అయితే సన్నటి పొడుగు కాయలు, పది కాయలు విప్పి గింజలు లెక్కపెట్టి సగటు తీసుకోండి. దాని గింజ తోలు గట్టిది, అలాగే విత్తితే కొన్ని మొలుస్తాయి, కొన్ని మొండికేస్తాయి, గరుకు కాగితం మీద కాస్త రుద్ది విత్తితే మడి నిండా ఒక్కసారి లేస్తుంది. సిమెంటు సంచుల్లో పెంచుదామని చాలామంది అనుకుంటారు. వేర్లకి చోటు చాలక పోటీ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది, వీలైతే నేలలోనే మడులు కట్టండి.

చేతులకి తొడుగులు, మూతికి గుడ్డ లేకుండా వయ్యారిభామ జోలికి వెళ్లొద్దు. అది ఇప్పటికే ఉన్న చోటనే మడి వేయండి, లేని పొలంలోకి గింజ తీసుకెళ్లకండి.

ఇంకో రెండు మాటలు. మట్టిలో నిద్రపోయే గింజల్ని లెక్కలో కలపడం మరిచిపోవద్దు, ఏడాదికేడాదికి వాన తేడాగా పడే చోట ఆ గింజల వల్లే ఓడిపోవాల్సిన మొక్క కూడా నిలబడుతుంది, ఒకరికి చెడ్డ ఏడు ఇంకొకరికి మంచి ఏడు అవుతుంది. రెండోది, మడులన్నీ ఒకేచోట పెట్టకండి. 2022 జూలై గోదావరి వరదలో ప్రాణహిత నది ఒడ్డున నేను వేసిన 24 మడులు బురద కింద పోయాయి, మిట్ట మీద వేసిన 6 మాత్రమే మిగిలాయి. ఆరుతో ఏ లెక్కా తేలలేదు, ఏడాది పోయింది.

దీని బలహీనత కూడా చెప్పాలి. వయ్యారిభామ కాలవ గట్ల మీద, బోరు నీళ్లు పారే చోట ఏడాదికి ఒకటి కంటే ఎక్కువ కాపులు కాస్తుంది. అలాంటి చోట ఏడాది అడుగు పనికిరాదు, వానాకాలం, చలికాలం, ఎండాకాలం అని మూడు అడుగులుగా విడగొట్టాలి.

## గళ్ల మోడల్: "ఎక్కడ" అన్న ప్రశ్నకి

నేలని చదరంగం పలకలా గళ్లుగా కోసి, ఒక్కో గడిలో ఒక మొక్క లేదా ఖాళీ పెట్టి, ప్రతి ఏడూ పక్క గళ్ల నుంచి వచ్చిన గింజల్లో ఎవరివి ఎక్కువైతే వాళ్లకి ఆ గడి దక్కే అవకాశం ఎక్కువ అని నియమం రాస్తే అయిపోయింది. 1992లో సిల్వర్‌టౌన్, ఆయన తోటివాళ్లు ఐదు గడ్డి జాతులతో ఇదే చేశారు. ఒకే జాతులు, ఒకే నియమాలు, మొదట్లో ఎలా అమర్చారన్నదే మార్చారు, దానితోనే పోటీ నడిచే తీరు మారిపోయింది. పై లెక్కలో ఇది ఎప్పటికీ కనిపించదు, అందులో ప్రతి మొక్కా ప్రతి మొక్కకీ పక్కింటిదే.

100 గళ్ల పొడవు, 100 గళ్ల వెడల్పు పెట్టి నేను నడిపినప్పుడు, బలహీనంగా ఉన్న జాతిని అక్కడక్కడా చల్లితే తొందరగా పోయింది, ఒక గుంపుగా పెడితే చాలాకాలం నిలిచింది, ఎందుకంటే గుంపు లోపల ఉన్నవాటికి పోటీ తనవాళ్లతోనే, తగువంతా అంచుల్లోనే. మధ్యలో ఒక నిలువు గీతని రోడ్డనుకుని ప్రతి ఏడూ అక్కడి మొక్కలన్నీ చెరిపేస్తే, గింజ దూరం వేసే జాతి ఆ గీత వెంట నిలబడిపోయింది. మా రోడ్డు పక్కన ఏటా జేసీబీతో గోకిన చోట ముందు వయ్యారిభామే ఎందుకు లేస్తుందో నాకు అప్పుడు కళ్లకు కట్టినట్టు అర్థమైంది. దాని గింజ వాన నీళ్లతో, టైర్లకంటిన బురదతో, గడ్డి మోపులతో పోతుంది. తంటెం గింజ బరువు, ఎక్కువ భాగం తల్లి మొక్క దగ్గరే రాలుతుంది.

దీనికి నెట్‌లోగో చాలా అనుకూలం. 1999లో యూరీ విలెన్‌స్కీ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది, కోడ్ రాయడం రానివాళ్లకి కూడా వారంలో పట్టుబడుతుంది. రెండు చోట్ల మాత్రం తప్పకుండా జాగ్రత్త పడాలి. నెట్‌లోగోలో మామూలుగా పటం కుడి అంచు ఎడమ అంచుకి అతికి ఉంటుంది. నది ఒడ్డునో రోడ్డునో చూపించాలంటే ఆ అతుకు తీసేయాలి, లేకపోతే ప్రాణహితలో పడిన గింజ అవతల అడవిలో మొలుస్తుంది. రెండోది, గళ్లని ఒకదాని తర్వాత ఒకటి మారుస్తుంది కాబట్టి ముందు మారిన గడిని చూసి పక్క గడి నిర్ణయం తీసుకుంటుంది. వచ్చే ఏటి స్థితిని వేరే చోట రాసి పెట్టుకుని, అన్ని గళ్లూ తేల్చుకున్నాక ఒక్కసారే మార్చండి. ఇది చేయని ప్రాజెక్టులు నేను చాలా చూశాను, ఫలితం తప్పని వాళ్లకి తెలియనే తెలియదు.

ఆల్ఫాలు ఎక్కడి నుంచి వస్తాయి? మళ్లీ పై మోడల్ మడుల నుంచే. అందుకే ఇది రెండో మెట్టు. మొదటిది దాటకుండా ఎక్కితే రంగుల బొమ్మ తప్ప చేతికేం రాదు.

## ఆర్ స్టార్: "ఎందుకు" అన్న ప్రశ్నకి, కానీ ల్యాబ్ కావాలి

డేవిడ్ టిల్మన్ 1982లో గట్టిగా నిలబెట్టిన ఆలోచన. మొక్క మొక్కతో నేరుగా పోట్లాడదు, ఇద్దరూ ఒకే గిన్నెలోంచి తింటారు. నత్రజనినో నీటినో ఎవరు అన్నిటికంటే తక్కువ స్థాయికి దించి కూడా బతకగలరో వాళ్లే గెలుస్తారు, ఆ తక్కువ స్థాయి పేరే ఆర్ స్టార్. రెండు వనరులుండి, ఒకరిని ఒకటి, ఇంకొకరిని ఇంకొకటి ఆపితే ఇద్దరూ నిలవొచ్చు. మినెసోటాలోని సీడర్ క్రీక్‌లో గడ్డి జాతుల మీద దీన్ని పొలంలోనే పరీక్షించారు.

ఆలోచనగా నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. కానీ ఒక్కో జాతిని ఒంటరిగా పెంచి, మట్టిలో నత్రజని ఎక్కడికి దిగి ఆగిందో పదే పదే కొలవాలి. ఒక ఏడు నేను మట్టి నమూనాలు పరీక్షకి ఇస్తే ఫలితాలు ఐదు నెలలకి వచ్చాయి, అప్పటికి పంట కాలమే అయిపోయింది. మీ కాలేజీలోనే మట్టి ల్యాబ్ ఉండి, దాని తాళం మీ చేతిలో ఉంటే ముట్టుకోండి. ఇంకో సంగతి, వయ్యారిభామ పక్క మొక్కల్ని విషంతో కూడా అణుస్తుంది, పార్థెనిన్ అనే పదార్థం దాని ఆకుల్లో ఉంటుంది. ఆర్ స్టార్ లెక్కలో ఆ విషానికి చోటు లేదు.

## అడవి వాళ్లకి: ఒక్కో చెట్టునీ లెక్కించే మోడల్

టేకు, వెదురు, ఇప్ప, తునికి మీద ప్రశ్న ఉన్నవాళ్లకి పైన చెప్పినవేవీ చాలవు. చెట్టు వందేళ్లు బతుకుతుంది, నీడ పైనుంచి పడుతుంది, పొట్టి పొడుగుల తేడాయే పోటీ. దీనికి ప్రతి చెట్టుకీ స్థానం, లావు, ఎత్తు రాసుకుని, ఏటికేడు ఎంత వెలుతురు అందితే ఎంత పెరిగింది, ఎప్పుడు చచ్చింది, గింజ ఎంత దూరం పడింది అని నడిపే మోడళ్లున్నాయి. 1972 నాటి జబోవా దీనికి ఆద్యం, 1990ల్లో పకాలా, కానమ్ వాళ్లు కట్టిన సార్టీ ఇంకా ముందుకెళ్లింది. రెండూ అమెరికా ఈశాన్య అడవుల కోసం కట్టినవి, వాటి అంకెలు గడ్చిరోలి టేకు అడవికి వాడితే అన్యాయమే.

వెదురు సంగతి మరీ వేరు. ఏళ్ల తరబడి పూయకుండా ఉండి, ఒక్కసారి గుంపులుగుంపులుగా పూసి చచ్చిపోతుంది, అప్పుడు నేల మీద వెలుతురు అంతా మారిపోతుంది. ఈ జిల్లాలోని మెండా లేఖా గ్రామసభ 2011లో వెదురు మీద హక్కు చేతిలోకి తెచ్చుకుంది. అలాంటి ఊళ్లకి "ఎంత కోస్తే వెదురూ, టేకు మొలకలూ రెండూ నిలుస్తాయి" అన్నది తిండి ప్రశ్న. చేయాల్సిన పనే, కానీ ఒక్కరు ఒక్క ఏడాదిలో చేసేది కాదు. నలుగురు, ఐదేళ్లు, టేపు పెట్టి కొలిచిన చెట్లు. మొదలుపెట్టేవాళ్లు 2006లో గ్రిమ్, తోటివాళ్లు ఇచ్చిన ఓడీడీ పద్ధతిలో మోడల్ వివరం రాసుకోండి, మీ తర్వాత వచ్చే పిల్లలు అక్కడి నుంచి అందుకోగలుగుతారు.

పెద్ద అడవిలో ఎన్ని జాతులు, ఒక్కోటి ఎంత అరుదు అన్నదే ప్రశ్న అయితే హబెల్ 2001లో పెట్టిన తటస్థ సిద్ధాంతం కూడా ఉంది. జాతులన్నీ సమానమే, అంతా అదృష్టమే అనుకుని నడిపే మోడల్. పోల్చుకోవడానికి పనికొస్తుంది. రెండు కలుపు మొక్కల తగువుకి పనికిరాదు.

## పత్తిలో కంది వేసేవాళ్ల కోసం

రాజురా వైపు రైతుకి వయ్యారిభామ కంటే పెద్ద ప్రశ్న పత్తిలో కంది సాలు ఎన్నింటికి ఒకటి వేయాలన్నది. ఇదీ రెండు మొక్కల పోటీయే. కంప్యూటర్ ముట్టుకునే ముందు ఒక చిన్న లెక్క చేయండి. పత్తి ఒక్కటే వేస్తే వచ్చేదాంట్లో 0.8 వంతు, కంది ఒక్కటే వేస్తే వచ్చేదాంట్లో 0.45 వంతు అంతర పంటలో వచ్చాయనుకుంటే కలిపి 1.25. ఒక ఎకరంలో ఎకరం పావు పని జరిగిందన్నమాట. ఒకటి దాటకపోతే కలిపి వేసి లాభం లేదు.

ఆ పైన రోజురోజుకీ వేరు, ఆకు, నీరు చూపించే మోడల్ కావాలంటే ఆస్ట్రేలియాలో పుట్టిన ఏప్సిమ్ ఉంది, ఇందులో రెండు పంటల్ని ఒకే నేలలో పెట్టి వెలుతురు, నీరు పంచొచ్చు. డీశాట్ పేరు ఎక్కువ వినిపిస్తుంది కానీ అది ప్రధానంగా ఒక్కో పంటకి. రోజువారీ ఎండ, వేడి, వాన కావాలంటే నాసా పవర్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. నేల లోతు, పొరపొరకీ నీళ్లు పట్టే శక్తి మాత్రం మీరే గుంత తవ్వి చూసుకోవాలి. కలుపు వల్ల దిగుబడి నష్టమొక్కటే కావాలంటే 1985లో కజన్స్ ఇచ్చిన రెండు అంకెల వంపు గీత చాలు: మొదట్లో ఒక్కో కలుపు మొక్కకీ ఎంత నష్టం, చివరికి గరిష్ఠంగా ఎంత నష్టం.

ఒక పాత పద్ధతి గురించి హెచ్చరిక. మొత్తం మొక్కల సంఖ్య ఒకటే ఉంచి పాళ్లు మాత్రమే మార్చే ప్రయోగం, 1960లో నెదర్లాండ్స్‌లో డి విట్ ప్రచారంలోకి తెచ్చింది, ఇప్పటికీ చాలా కాలేజీల్లో అదే చేయిస్తారు. అందులో సొంతవాళ్ల నొక్కుడు ఎంత, పరాయివాళ్లది ఎంత అని విడదీయలేం. మోడల్‌కి ఆల్ఫాలు కావాలంటే సాంద్రత కూడా మార్చాల్సిందే.

## ఒక చూపులో

| మోడల్ | ఏ ప్రశ్నకి | ఏం కొలవాలి | పట్టే కాలం | పనిముట్టు |
|---|---|---|---|---|
| లోట్కా–వోల్టెరా | పోటీ సూత్రం అర్థం కావడానికి | ఏమీ లేకుండానే మొదలుపెట్టొచ్చు | రెండు రోజులు | ఎక్సెల్ |
| ఏకవార్షిక మోడల్ | ఎవరు నిలుస్తారు | గింజలు, మొలక శాతం, ఆల్ఫాలు | ఒకటి రెండు వానాకాలాలు | ఆర్ |
| గళ్ల మోడల్ | ఎక్కడ, ఏ దారిన | పైవన్నీ, గింజ పడే దూరం | ఇంకో మూడు నెలలు | నెట్‌లోగో |
| ఆర్ స్టార్ | ఎందుకు గెలుస్తోంది | మట్టిలో నత్రజని, నీరు పదే పదే | రెండు మూడేళ్లు | ఆర్, మట్టి ల్యాబ్ |
| ఒక్కో చెట్టు లెక్క | అడవి పునరుత్పత్తి | లావు, వెలుతురు, చావులు | ఐదేళ్లు, గుంపుగా | సార్టీ లేదా సొంత కోడ్ |
| ఏప్సిమ్ | అంతర పంట దిగుబడి | వాతావరణం, నేల పొరలు, పంట వివరాలు | ఒక సీజన్ | ఏప్సిమ్ |

## మీరెవరు?

బీఎస్సీ మూడో ఏడు, చేతిలో నాలుగు నెలలు, ఆ నాలుగు నెలలూ డిసెంబరు నుంచి మార్చి అయితే, పొలం ఆశ వదులుకోండి. లోట్కా–వోల్టెరా, ఏకవార్షిక మోడల్ రెండూ ఒకే అంకెలతో నడిపి ఎక్కడ తేడా వస్తోందో రాయండి. చిన్న పనిలా కనిపిస్తుంది, శ్రద్ధగా చేస్తే చాలా మంచి ప్రాజెక్టు.

ఎమ్మెస్సీ వాళ్లకి, ఒక వానాకాలం దొరికేట్టయితే, కళ్లు మూసుకుని ఏకవార్షిక మోడల్. రాజురా తమ్ముడికి ఇదే చెప్పాను. కొంచెం నిరాశపడ్డాడు, గళ్ల బొమ్మ కదులుతుంటే చూడ్డానికి బాగుంటుంది కదా మరి. కానీ అతని దగ్గర ఆల్ఫాలు లేవు. ముందు మడులు, రెండో ఏడు గళ్లు అని ఒప్పుకున్నాడు.

పీహెచ్‌డీ వాళ్లు ఏకవార్షికం నుంచి గళ్లకి వెళ్లి, నిద్రపోయే గింజలు, మారే వానలు రెండూ కలపండి. ల్యాబ్ ఉంటే ఆర్ స్టార్ ఒక అధ్యాయంగా పెట్టుకోండి, మొత్తం థీసిస్ దాని మీద ఆధారపడేలా మాత్రం చేయకండి.

హైస్కూలు టీచర్లకి గళ్ల మోడలే సరైనది, అంకెలు ఊహించినవైనా పర్వాలేదు. పిల్లలు రోడ్డు గీత గీసి, చెరిపి, మళ్లీ నడిపి చూస్తే పోటీ అంటే ఏమిటో వాళ్లకే తెలుస్తుంది. "ఇవి మనం అనుకున్న అంకెలు" అని బోర్డు మీద రాయడం మాత్రం మరవొద్దు.

గ్రామసభలతో, రైతు సంఘాలతో పనిచేసేవాళ్లు సిమ్యులేషన్ కంటే ముందు ఊరి పెద్దవాళ్లని కూర్చోబెట్టి ఎక్కడ తంటెం నిలిచింది, ఎక్కడ వయ్యారిభామ నిలిచింది, ఎన్నేళ్ల నుంచి అని పటం గీయించండి. మోడల్ చెప్పింది ఆ పటంతో ఎక్కడ కలవలేదో అక్కడే అసలు పని మొదలవుతుంది. కాక చూపించిన చోట్లు నేను తిరిగి చూశాను. పశువులు మేసే బీడులో ఆయన మాట నిజం, కాలవ గట్టు మీద కాదు. గట్టు మీద ఏడాదంతా తేమ, తంటెం లేని నెలల్లో కూడా వయ్యారిభామ కాస్తూనే ఉంది.

ఈ వానాకాలమే మొదలుపెట్టాలనుకుంటే మృగశిరకి ముందే మడులు కొలిచి మేకులు కొట్టండి, ఆరుద్రలో మొలకలు పలచన చేసి మీకు కావాల్సిన సంఖ్య మిగల్చండి. వయ్యారిభామ పూతలలు ఆశ్లేష నుంచి పదిహేను రోజులకొకసారి లెక్కపెడుతూ ఉండాలి, ఒక్కసారే లెక్కపెడితే రాలిపోయినవి పోతాయి. తంటెం కాయ ముదిరి పగలకముందే, హస్త, చిత్తల్లో, ఒక్కో మధ్య మొక్క కాయల్ని విడివిడి కాగితపు సంచుల్లో కోసి, సంచి మీద మడి నంబరు పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా వానకి చెరిగిపోతుంది.